గాలా, నీళ్లా?

ఇంజన్ల విషయంలో నాది గాలి పక్షం. నీళ్లతో చల్లబడే ఇంజన్ కూడా చివరికి వేడిని గాలికే ఒప్పజెబుతుంది. నీళ్లు రేడియేటర్ దాకా ఆ వేడిని మోసే కూలీలు, అంతే. నేలమీద ఆ కూలీల బరువు పెద్ద లెక్కలోది కాదు. విమానానికి మాత్రం ప్రతి కిలో లెక్కే.

అయినా 1903లో రైట్ సోదరులు నీళ్లనే నమ్మారు. వాళ్ల మెకానిక్ చార్లీ టేలర్ చేసిన నాలుగు సిలిండర్ల ఇంజన్ మొదట్లో 16 హార్స్‌పవర్ ఇచ్చి, వేడెక్కగానే 12కి దిగేది. ఆ మాత్రంతోనే ఎగిరారు.

ఫ్రాన్సులో సెగెన్ సోదరులు ఇంకో ఐదారేళ్లకు చేసిన పని చూస్తే నవ్వూ వస్తుంది, దండమూ పెట్టాలనిపిస్తుంది. వాళ్ల నోమ్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ కదలదు, ఏడు సిలిండర్లే ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి! ఇక గాలి తగలదన్న బెంగ ఎక్కడిది? దాదాపు రైట్ల ఇంజన్ బరువుకే 50 హార్స్‌పవర్ వచ్చింది. పెట్రోలు ఆవిరి క్రాంక్‌కేసులోంచే పోవాలి కనుక అందులో తేలిగ్గా కరగని ఆముదం పోసేవారు. వాడిన ఆముదమంతా బయటికే చిమ్మేది. మనకు అమ్మమ్మలు బలవంతంగా తాగించింది పైలట్లకు ముఖం మీదే పడేదన్నమాట. పైగా అంత బరువు గిరగిరా తిరుగుతుంటే విమానం మలుపుల్లో మొండికేసేది. ఆ దారి ఎక్కువ దూరం సాగలేదు.

అసలు విద్య సిలిండర్ చుట్టూ ఉండే పల్చటి లోహపు రెక్కల్లో (ఫిన్స్) ఉంది. నీళ్లు వేడి పుట్టిన చోటికల్లా పారతాయి, గాలికి మనమే దారి చూపాలి. రెక్కలు పొట్టివైతే వేడి వదలవు. మరీ దగ్గరైతే మధ్యలో గాలి ఆడదు. సిలిండర్ వెనకవైపుకు, ఎగ్జాస్ట్ వాల్వ్ పక్కకు గాలి చేరడం ఇంకా కష్టం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో గిబ్సన్, హెరాన్ అనే ఇంజనీర్లు దీన్ని పట్టుకుని కూర్చున్నారు. వేడిని త్వరగా లాగే అల్యూమినియంతో హెడ్ చేసి, రెక్కల కొలతలు తేల్చారు. తర్వాత అమెరికా వెళ్లిన హెరాన్ చెయ్యి పడిన ఇంజనే వర్ల్‌విండ్. 1927లో పైలట్ లిండ్‌బర్గ్‌ను న్యూయార్క్ నుంచి పారిస్‌కు 33 గంటలన్నర ఆగకుండా మోసింది అదే. చుక్క నీరు లేకుండా.

మీ బైకుకూ రెక్కల ఇంజనే ఉంటే, వానాకాలం వెళ్లాక వాటి మధ్య ఎండిన బురదను గీకించండి. అక్కడ గాలి ఆడకపోతే ఇంజన్ పట్టేస్తుంది.