పీడీఎఫ్‌లో తెలుగు విరిగిపోకుండా

నిజామాబాద్ జిల్లాలో వర్ని ఒక మండలం. బోధన్‌లోని శక్కర్‌నగర్, 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదిగా పేరు మోసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వల్ల వెలసిన ఊరు. ఈ రెండు పేర్లలోనూ ర-పొల్లు వెంటనే న వస్తుంది. వర్నిలో ఆ న, ర కింద వత్తుగా చేరాలి. చివరి గుడి వెనక్కి వచ్చి ర నెత్తిన కూర్చోవాలి. శక్కర్‌నగర్‌లో అవే అక్షరాలు కలవకూడదు, కలిస్తే ‘శక్కర్నగర్’ అయిపోతుంది. వాటిని విడిగా ఉంచేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని సంకేతం. బ్రౌజర్‌లో రెండు పేర్లూ చక్కగా కనిపిస్తాయి. అదే వెబ్ పేజీని ప్రోగ్రామ్‌తో పీడీఎఫ్‌గా మార్చేసరికి తరచు ‘వర్‌ని’ అని విడిపోతుంది, లేదా అక్షరాల చోట ఖాళీ డబ్బాలు మిగులుతాయి. ఇది ఫాంటు లోపమనుకొని చాలామంది ఫాంటు మార్చి చూస్తారు. కానీ ఫాంటు ఎంపికతోనే పని అయిపోదు. అక్షరాలను కూర్చడం, ఫాంటును పత్రంలో పొదగడం, రాతను రాతగానే మిగల్చడం, ఈ మూడూ కలిపి చూసుకుంటేనే తెలుగు పత్రాన్ని నమ్మగలం.

కారణం యూనికోడ్ పద్ధతిలోనే ఉంది. 1991లో తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్ అక్షరాలకు సంఖ్యలిచ్చింది గాని, వాటి కలయికలకు ఇవ్వలేదు. వర్ని అంటే కంప్యూటర్‌కు ఐదు సంకేతాలు: వ, ర, పొల్లు, న, గుడి. ఏ వత్తు ఎక్కడ చేరాలో తేల్చే నియమాలు ఓపెన్‌టైప్ ఫాంటు లోపలి పట్టికల్లో ఉంటాయి. వాటిని చదివి ఆకారాలను పేర్చేది షేపింగ్ ఇంజిన్. సీసపు అచ్చుల రోజుల్లో కంపోజిటర్ గళ్లలోంచి వత్తులు ఏరి చేసిన పనే ఇది. క్రోమ్‌లో ఆ పని హార్ఫ్‌బజ్‌ది. అందుకే పపెటీర్‌తో క్రోమ్‌ను నడిపి తీసిన పీడీఎఫ్‌లో వత్తులు సరిగా పడతాయి. హెచ్‌టీఎంఎల్‌ను పీడీఎఫ్ చేసే వీజీప్రింట్ కూడా పాంగో ద్వారా హార్ఫ్‌బజ్‌నే వాడుకుంటుంది. పీహెచ్‌పీలో ఎంపీడీఎఫ్‌కు సొంతంగా ఆ నేర్పు ఉంది, ఫాంటుకు ఓటీఎల్ (ఓపెన్‌టైప్ లేఅవుట్) సెట్టింగ్ ఆన్ చేస్తే చాలు. పీహెచ్‌పీలోనే మరో సాధనమైన డోమ్‌పీడీఎఫ్‌కు ఆ దశే లేదు. ఎంత మంచి ఫాంటు ఇచ్చినా సంకేతాలను వరసగా పేర్చేస్తుంది.

ఇంజిన్ కుదిరాక ఫాంటు సంగతి. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో వచ్చిన గౌతమియో నిర్మలా యూఐయో ఉండబట్టి అంతా బాగుంటుంది. లినక్స్ సర్వర్‌లో, ముఖ్యంగా డాకర్ ఇమేజ్‌లో, ఒక్క తెలుగు ఫాంటు కూడా ఉండకపోవచ్చు. ఖాళీ డబ్బాలు అక్కడివే. నోటో సాన్స్ తెలుగునో, సిలికానాంధ్ర ఉచితంగా అందించిన మల్లన్న, రామభద్ర లాంటివాటినో ప్రాజెక్టుతోపాటే ఉంచి, సీఎస్‌ఎస్‌లో ఫాంట్-ఫేస్ నియమంతో పిలవాలి. ఫాంటు లోడయ్యేదాకా ఆగి ప్రింట్ ఆదేశం ఇవ్వాలి. ‘రాష్ట్రం’లో ష కింద రెండు వత్తులు దిగుతాయి, ఇంగ్లిష్‌కు సరిపోయే ఎత్తుతో పట్టిక గడి కడితే కింది వత్తు తెగుతుంది. బోధన్ ప్రాంతంలో మరో బాధ్యత కూడా ఉంది. పక్కనే మహారాష్ట్ర సరిహద్దు, అక్కడి మరాఠీది దేవనాగరి లిపి. ఉర్దూ తెలంగాణకు రెండో అధికార భాష. ఒకే పేజీలో మూడు లిపులు రావడం ఇక్కడ వింతేమీ కాదు. ఫాంట్-ఫ్యామిలీ వరసలో నోటో నస్తలీక్ ఉర్దూ, నోటో సాన్స్ దేవనాగరి కూడా లేకపోతే తెలుగు చక్కబడినా పక్క పేరు డబ్బాలవుతుంది.

డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు ఏళ్ల తరబడి అందంగానే వస్తున్నాయి కదా అని అడగవచ్చు. అచ్చులో ఆ అందాన్ని కాదనలేం. కానీ ఆ పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టుకున్నవి. కాగితం మీద తెలుగే గాని, ఫైల్లో ఉండేవి అర్థంలేని గుర్తులు. పేజీని బొమ్మగా తీసి పీడీఎఫ్‌లో పెడితే గొడవే ఉండదనే వారున్నారు. వత్తులు చెడవు, సరే. వెతకడం, కాపీ చేయడం, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించడం అన్నీ పోతాయి. ఫాంటు పొదిగితే ఫైలు బరువెక్కుతుందన్న భయం అక్కర్లేదు. పత్రంలో వాడిన ఆకారాలను మాత్రమే పొదిగే సబ్‌సెట్ పద్ధతి ఈ ఇంజిన్లలో ఉంది. అసలు పస ఉన్న ఆక్షేపణ వేరొకటి: బాగా తయారైన పీడీఎఫ్‌లో కూడా తెలుగును కాపీ చేస్తే అక్షరాల వరస తప్పవచ్చు. పీడీఎఫ్ ప్రధానంగా దాచేది ఆకారాల సంఖ్యలను. వాటి నుంచి అక్షరాలకు తిరిగి దారి చూపే టూయూనికోడ్ పట్టిక మన కలయికలన్నిటికీ చాలదు. వీలున్నచోట ఆకారాల వెంట అసలు రాతను కూడా ఉంచే యాక్చువల్‌టెక్స్ట్ గుర్తులతో పీడీఎఫ్ తీయడం, మూల హెచ్‌టీఎంఎల్‌ను కూడా భద్రపరచడం దీనికి మందు. ఈ లోపం ఉందని బొమ్మకు దిగిపోతే ఉన్న కొద్దిపాటి దారినీ మనమే మూసుకున్నట్టు.

ఇదంతా ఎవరికి అవసరమో చూడండి. 2016 ఏప్రిల్‌లో జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు చేరిన తొలి మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. పసుపు ధర తెరమీద తేలినా రైతు ఇంటికి పట్టుకెళ్లేది కాగితమే. దానిమీద పేరూ ఊరూ విరిగి అచ్చయితే, అది తనదేనని నిరూపించుకునే భారం రైతు మీదే పడుతుంది. 2015 డిసెంబరులో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ చరిత్రను రేపు ఎవరైనా రాయబూనితే, పత్రాల్లో ఊరి పేరు వెతికితే దొరకాలి. అందుకే సాఫ్ట్‌వేర్ చేయించుకునే ప్రతి ఆఫీసూ ఒప్పందంలోనే ఒక షరతు రాసుకోవాలి: జిల్లాలోని గ్రామాల పేర్లన్నీ పీడీఎఫ్‌గా తీసి చూపాలి, ప్రతి పేరూ సరిగా అచ్చు కావాలి, వెతికితే దొరకాలి, ఆ తర్వాతే బిల్లు చెల్లింపు.