గోటికి తగిలిన మెట్టు

సార్వా దమ్ములకు వారం ఉందనగా మా పాత మాస్సీ 1035 గేరు పడనని మొరాయించింది. క్లచ్ పెడల్ అడుగంటా తొక్కి పట్టినా గేర్‌బాక్స్ గరగరమంటోంది. బలవంతాన తోస్తే కాలు పెడల్ మీద ఉండగానే బండి ముందుకు పాకుతోంది. చూసినవాళ్లంతా ‘ప్లేటు అయిపోయింది, మార్చేయండి’ అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ప్లేటు అరిగితే జరిగేది దీనికి తలకిందులు. ఇంజన్ రొద పెరుగుతుంది, బండి కదలదు, కాలిన వాసన ముక్కుకి కొడుతుంది. పట్టు జారిపోవడం ఒక జబ్బు, పట్టు వదలకపోవడం ఇంకొకటి. మా బండిది రెండోది. పైగా ఆ ప్లేటు నిరుడే వేయించాం.

ట్రాక్టర్ క్లచ్ చూడాలంటే బండిని నడుము దగ్గర రెండుగా విడదీయాలి. లారీకి ఉన్నట్టు దీనికి చాసిస్ ఉండదు. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక ఇరుసు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి అవే వెన్నెముక అవుతాయి. 1917లో అమ్మకానికి వచ్చిన ఫోర్డ్‌సన్‌ది కూడా ఈ కట్టుబడే. మన చేలల్లో తిరిగే బళ్లలో చాలావాటిది ఇప్పటికీ ఇదే.

మా మేస్త్రీని ఊరంతా బాబాయనే పిలుస్తాం. ఆయన వచ్చీ రాగానే పానా పట్టుకోలేదు. కొడవలితో రెండు చెక్క చీలికలు చెక్కి, ముందు ఇరుసుకీ దాని పైనున్న దిమ్మెకీ మధ్య ఇరువైపులా దిగ్గొట్టాడు. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీదే ఊగుతుంది. చీలికలు లేకుండా నడుము విప్పితే ఇంజన్ పక్కకి ఒరిగి మనిషి మీద పడుతుంది. వెనక చక్రాలకి రాళ్లు, గేర్‌బాక్స్ కింద జాకీ, ఇంజన్ కింద దుంగలు. బ్యాటరీ, డీజిల్ పైపులు, స్టీరింగ్ కడ్డీలు, వైర్లు ఊడదీసి బోల్టులు తీసేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

లోపలి దుమ్ముని గాలితో ఊదబోతే బాబాయి వద్దన్నాడు. పాతకాలం ప్లేట్ల లైనింగులో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. తడిగుడ్డతోనే తుడిచాం. ప్లేటు చూస్తే లైనింగు ఇంకా మందంగానే ఉంది, రివెట్లు లోతులోనే ఉన్నాయి.

“ఏదీ, నీ బొటనవేలు ఇలా ఇయ్యి” అన్నాడు. క్లచ్ షాఫ్ట్ పొడవునా చెక్కిన పళ్లలో ఒకదాని పక్క నా గోరు ఆనించి వెనక నుంచి ముందుకి నడిపించాడు. జర్రున జారుతూ వచ్చిన గోరు, ప్లేటు కూర్చునే చోట టక్కున ఆగింది. కంటికి కనపడని మెట్టు అది. పెడల్ తొక్కినప్పుడు ప్లేటు ఆ పళ్ల మీద వెంట్రుకవాసి వెనక్కి జరగాలి, అప్పుడే ఫ్లైవీలు దాన్ని వదులుతుంది. మెట్టుకి తట్టుకుని అది జరగడం మానేసింది. కొత్త ప్లేటు వేసినా కొన్నాళ్లకి ఆ గుంటలోనే ఇరుక్కుంది.

మెట్టు ఎందుకు పడింది? ఫ్లైవీలు నడిబొడ్డున అరచేతిలో పట్టే బేరింగు ఒకటుంది. షాఫ్ట్ కొసని పట్టుకుని నిలిపేది అదే. వేలు పెట్టి తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరలాడింది. గ్రీజు ఎండి తుప్పుపొడి రాలింది. కొస ఊగితే పళ్లు అరగక ఏమవుతాయి? నిరుడు నడుము విప్పి ప్లేటు మార్చినవాళ్లు ఈ బేరింగుని తాకి కూడా చూడలేదు. రోజంతా కష్టపడి విప్పి, కళ్లెదుట ఉన్నదాన్ని చూడకుండా మూసేయడమంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మా బండిది రెండు ప్లేట్ల క్లచ్. లోపలి షాఫ్ట్ చక్రాలకి, దాని మీద గొట్టంలా తొడిగినది వెనక పనిముట్టుని తిప్పే పీటీఓకి. పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, రోటావేటర్ తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే అదీ ఆగుతుంది. దమ్ములో గట్టు దగ్గర తిరిగేటప్పుడు ఈ సగం తొక్కుడు విలువ తెలుస్తుంది. మెట్టు పడిన లోపలి షాఫ్ట్ బయటికి రావడానికి ఇంకో పూట పట్టింది. తణుకు వెళ్లి కొత్త షాఫ్ట్, ప్లేటు, బేరింగు, ఆయిల్ సీళ్లు తెచ్చాను. ఫ్లైవీలు ముఖం లేతు మీద సాపు చేయించాం.

బిగింపులో ప్లేట్లు నడిమధ్యకి రావడానికి బాబాయి దగ్గర పాత షాఫ్ట్ ముక్క ఒకటుంది. అది దూర్చి ప్రెజర్ ప్లేటు బిగించాకే బయటికి లాగాడు. పళ్ల మీద గ్రీజు వేలి కొసన అంటినంతే. ఎక్కువైతే చిమ్మి లైనింగు మీద పడుతుంది. ఇక రెండు ముక్కలూ కలపాలి. దగ్గరకొచ్చి వేలెడు సందు దగ్గర ఆగిపోయాయి. బోల్టులు బిగించి లాగేద్దామని పానా ఎత్తాను. బాబాయి నా మణికట్టు పట్టుకున్నాడు.

“లాగకురా. దాన్ని రానియ్యి.”

బోల్టుతో లాగితే పళ్లు పళ్లని ఢీకొని ప్లేటు హబ్ నలుగుతుంది. నిరుడు అలా లాగిన గుర్తు పాత ప్లేటు మీద కనిపిస్తూనే ఉంది. జాకీ పిడి పావు చుట్టు ఎత్తాడు. ఫ్లైవీలు చేత్తో కొంచెం కొంచెంగా తిప్పమన్నాడు. మూడోసారికి పళ్లు ఒకదాన్నొకటి కనిపెట్టుకుని, మెత్తగా, సందు చుట్టూ ఒకే కొలతన మూసుకుపోయింది. చేతికి తెలిసింది, చెవికి ఏ చప్పుడూ రాలేదు.

పెడల్‌కి అంగుళం ఖాళీ వదిలాం. ఆ ఖాళీ లేకపోయినా, కాలు పెడల్ మీద ఆనించి నడిపినా, పెడల్ తొక్కితే క్లచ్‌ని నెట్టే రిలీజ్ బేరింగు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ప్లేటు కాలుతూనే ఉంటుంది. మా డ్రైవర్ కుర్రాడిని సీటు మీద కూర్చోబెట్టి, ఎడమ కాలు ఎక్కడ పెట్టాలో ఫుట్‌ప్లేట్ మీద పెయింటుతో గీత గీశాను.

దమ్ములు పది రోజులు నడిచాక ఖాళీ మళ్లీ కొలిచాం. ముప్పావు అంగుళానికి వచ్చింది. కొత్త లైనింగు సర్దుకునేటప్పుడు అంత తగ్గడం మామూలే. లింకు తిప్పి అంగుళానికి తెచ్చి, సుద్దముక్కతో షెడ్డు గోడ మీద తేదీ రాసిపెట్టాను.