సీతారామారావు అసమర్థుడేనా?

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ని చాలామంది ఓ పనికిమాలినవాడి కథగా చదివి పక్కన పెట్టేస్తారు. పేరే అలా చదివిస్తుంది మరి.

కానీ సీతారామారావు పుట్టుకతో అసమర్థుడేం కాదు. వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చనిపోతూ చెప్పిన మాట అతని నెత్తినెక్కి కూర్చుంది. ఆ పేరు కోసమే ఆస్తి కరగబెట్టుకున్నాడు. చెయ్యి ఖాళీ అయ్యాక కోపం భార్య మీదికీ, లోకం మీదికీ, చివరికి తన మీదికే తిరిగింది.

ఇప్పుడు వంశప్రతిష్ఠ అని ఎవరూ అనరు. ర్యాంకు అంటారు, ప్యాకేజీ అంటారు. “ఆశలన్నీ నీ మీదే పెట్టుకున్నాంరా” అంటారు. ప్రేమతోనే అంటారు. ఇంటర్ ఫెయిలైన పిల్లాడికి మాత్రం ఇంట్లో తన చోటే పోయినట్టుంటుంది.

నాకు మింగుడుపడనిది ముగింపు. ఒక మనసులోకి అంత లోతుగా తీసుకెళ్లిన రచయిత, బయటికొచ్చే దారి ఒక్కటీ చూపించడు. ఇవాళ కనీసం టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే వినేవాళ్లున్నారు. ఇంట్లోనూ ఉండాలి కదా?

గోపీచంద్ ఈ నవలని అంకితమిచ్చింది వాళ్ల నాన్న రామస్వామి చౌదరికి, ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకు. కథలోని కొడుక్కి దక్కనిది అదే. తండ్రి మాటని ఎందుకని అడగొచ్చని అతనికెవరూ చిన్నప్పుడే చెప్పలేదు.