ఏటికొప్పాక బండి దొర్లాలి

ఏటికొప్పాక బొమ్మను చేతిలో పట్టుకుని చూస్తే అందం తెలుస్తుంది. నేల మీద పెట్టి తోస్తేనే పనితనం తెలుస్తుంది. ఎడ్లబండి కావచ్చు, పెట్టెలు తగిలించిన రైలు కావచ్చు, తాడు కట్టి లాగే ఏనుగు కావచ్చు, వేళ్లతో తిప్పే బొంగరం కావచ్చు, ఈ ఊరి బొమ్మల్లో మేలైనవి కదిలే బొమ్మలే. నిలబడి ఉండే బొమ్మకు ఎక్కడైనా ఒక చిన్న లోపం ఉంటే రంగు కింద దాగిపోతుంది. కదిలే బొమ్మ దగ్గర పనివాడికి ఆ వీలు లేదు. తోసిన రెండో అడుగులోనే గుట్టు బయటపడుతుంది.

ఊరు అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. పిఠాపురం నుంచి వెళ్లేవాళ్లు కత్తిపూడి దగ్గర పెద్ద రోడ్డెక్కి, అన్నవరం, తుని దాటి అడ్డరోడ్డు దాకా పోయి లోపలికి తిరుగుతారు. కళ వయసు నాలుగు వందల ఏళ్లని ఊళ్లో చెప్పుకుంటారు. జమీందారుల ప్రాపకంలో పెరిగిందనీ అంటారు. గోదావరి జిల్లాల్లో తీర్థానికి వెళ్లిన ఆడపిల్లలు ఒళ్లో పోసుకుని తెచ్చుకున్న లక్కపిడతలు, బుల్లి తిరగలి, రోలు, రోకలి ఈ పనికి చెందినవే.

కొయ్య అంకుడు. తేలిక, మెత్తన, లేత తెలుపు రంగు. నార సన్నంగా ఉంటుంది కాబట్టి ఉలి తగిలినప్పుడు పెళ్లలు లేవవు. కొట్టిన కొమ్మల తొక్క తీసి బాగా ఆరబెట్టాకే లేత్‌కు ఎక్కిస్తారు. పాత రోజుల్లో తరిమెన, అంటే చేతి లేత్, ఇద్దరి పని: ఒకరు తాడు లాగితే కొయ్య ఓసారి ముందుకీ ఓసారి వెనక్కీ తిరిగేది, రెండోవారి ఉలి ముందుకు తిరిగినప్పుడు మాత్రమే కోసేది. ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతోంది. చెయ్యి మాత్రం పాతదే. ఒక చెక్కముక్క నుంచి కుంకుమ భరిణను, మరో ముక్క నుంచి దాని మూతను విడివిడిగా తీసి, పెద్దగా కొలతలేవీ పెట్టకుండానే, మూత బిగుతుగా కూర్చుని తీసేటప్పుడు చిన్న చప్పుడుతో ఊడివచ్చేలా చేసే పెద్దవాళ్ల పని చూస్తే కొలబద్ద వాళ్ల వేళ్లలోనే ఉందనిపిస్తుంది.

కదిలే బొమ్మలో అసలు పరీక్ష చక్రం. గుండ్రంగా తీయడం పెద్ద విషయమేమీ కాదు. లేత్ మీద తిరిగే ఏ కొయ్యయినా గుండ్రంగానే వస్తుంది. కష్టమంతా దాన్ని గుండ్రంగా నిలపడంలో ఉంది. కొయ్య ఆరేటప్పుడు అన్ని వైపులా సమానంగా ముడుచుకోదు. మాను నడిమి నుంచి తొక్క వైపు ముడుచుకునే దానికంటే, వలయాల వెంట ముడుచుకునేది దాదాపు రెట్టింపు ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు తీసిన చక్రం నెలలు గడిచేసరికి కోలగా మారుతుంది, దాని బెజ్జం కూడా కోలపోతుంది, ఇరుసు పట్టేస్తుంది. అంగట్లో చక్కగా దొర్లిన బండి ఇంటికి వచ్చిన ఏడాదికే కుంటడానికి కారణం ఇదే. గోదావరి వైపు వానాకాలపు తేమ ఇంకో తంటా తెస్తుంది. ఎండిన కొయ్య మళ్లీ కాస్త ఉబ్బుతుంది. అందుకే తెలిసిన పనివాడు ఆరిన కొయ్యనే ఎంచుకుంటాడు, బెజ్జానికీ ఇరుసుకీ మధ్య సన్నటి సందు వదులుతాడు. సందు ఎక్కువైతే చక్రం ఊగుతుంది, తక్కువైతే ఒరుసుకుంటుంది. ఇక ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బండి పక్కకు లాగుతుంది. మంచి బండిని వాలు పీట మీద వదిలితే గీత గీసినట్టు తిన్నగా దిగుతుంది, పీట దాటాక కూడా చాలా దూరం పోతుంది. ఆ దూరమే పనివాడి గొప్పతనానికి లెక్క.

బొంగరం ఇంకా కఠినమైన పరీక్ష. దాని బరువంతా మేకు మీద నిలిచే గీత చుట్టూ సమంగా పరుచుకుని ఉండాలి. కొయ్యలో ఒక వైపు ముడి ఉంటే అటు బరువు ఎక్కువై బొంగరం వణుకుతుంది. సరైన బొంగరం తిరుగుతున్నప్పుడు కదులుతున్నట్టే ఉండదు. నిద్రపోయిందని పిల్లలు అంటారు.

రంగు వేయడానికి ఇక్కడ కుంచె వాడరు. రంగు కలిపిన లక్కను కడ్డీలుగా చేసుకుంటారు. నిప్పు సెగ మీద లక్కను మెత్తబరిచి, లాగుతూ మడుస్తూ మళ్లీ లాగుతూ రంగు అంతటా పట్టేదాకా పిసుకుతారు. లేత్ మీద గిర్రున తిరిగే బొమ్మకు ఈ కడ్డీని ఒత్తి పట్టుకుంటే రాపిడి వేడికే లక్క కరిగి పూతగా పరుచుకుంటుంది. ఒత్తిడి తగ్గితే పూత అతకదు, మించితే పోగుపడుతుంది. తరవాత మొగలి ఆకు అదిమితే పూత చదునై అద్దంలా మెరుస్తుంది. పసుపు పక్కన ఎరుపు, ఎరుపు పక్కన ఆకుపచ్చ, ఒక పట్టీ రంగు ఇంకో పట్టీలోకి పాకకుండా, కంటి అంచనాతో క్షణాల్లో పడతాయి. చూసి తీరవలసిన పని అది.

ఒక దశలో రసాయన రంగులు చొరబడి ఈ కళను చెడగొట్టాయి. సీసం లాంటి విష లోహాలున్న రంగును, ప్రతిదీ నోట్లో పెట్టుకునే పసివాళ్ల బొమ్మకు పూయడమంత అన్యాయం ఇంకోటి లేదు. ఆ దారి నుంచి ఊరిని వెనక్కి తిప్పింది సి.వి.రాజు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, మంజిష్ఠ, కరక్కాయ లాంటి వాటి నుంచి రంగులు తీసి లక్కలో నిలిచేలా చేయడానికి ఆయన ఏళ్ల తరబడి పనిచేశారు. నీటిలో దిగే చెట్టురంగును నీటితో కలవని లక్కలోకి ఎక్కించడం తేలిక వ్యవహారం కాదు. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఈయన పేరు చెప్పారు, 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు కర్తవ్యపథ్‌లో నడిచిన ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి తెచ్చుకుంది. మొదటిది రావలసిందని ఈ బొమ్మలు తెలిసినవారు ఇప్పటికీ అంటారు.

కదిలే నమూనాల మోజు ప్రపంచమంతటా ఉంది. డెన్మార్క్ లెగో సంస్థ 2018లో 4,124 ముక్కలతో ఒక రోలర్ కోస్టర్ అమ్మకానికి పెట్టింది. ప్లాస్టిక్ ఇటుకలు పేర్చి పట్టాలు కడితే, గొలుసు బండిని ఎత్తుకు లాగి వదులుతుంది, అక్కణ్ణుంచి అది తన బరువుతోనే మలుపులు తిరిగి కిందికి చేరుతుంది. 2022లో వచ్చిన మరోటి 3,756 ముక్కలది. బండి నిలువు చుట్లలో తలకిందులుగా తిరుగుతుంది. మెచ్చుకోవలసిన పనే. అక్కడా సూత్రం ఇదే: ఎత్తు ఇచ్చిన వేగాన్ని ఇరుసు ఒరిపిడి ఎంత తక్కువగా తింటే బండి అంత దూరం పోతుంది. అయితే ఆ సంస్థను మొదలుపెట్టిన ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ వడ్రంగి. 1932లో బిలుండ్ అనే పల్లెలో ఆయన చేయడం మొదలుపెట్టినవి కొయ్యబొమ్మలు, అందులో చక్రాల మీద లాగే బాతు పేరుమోసింది. 1960లో అగ్నిప్రమాదం తరవాత అక్కడ కొయ్యపని ఆగిపోయింది. అచ్చులో పోసిన ముక్కలన్నీ ఒకే కొలతతో వస్తాయి, అది యంత్రం గొప్ప. ఆరుతూ ఉబ్బుతూ ఉండే కొయ్యతో, ఒక్కో ముక్కనూ చేత్తో తీసి, బండిని తిన్నగా దొర్లించడం మనిషి గొప్ప. రెండింటినీ ఒకే తూకంలో వేయకూడదు.

చన్నపట్నం వాళ్లదీ ఇదే కొయ్య, ఇదే లక్క. పేరు మాత్రం వాళ్లకే ఎక్కువ వచ్చింది, బెంగళూరు పక్కనే ఉండటం వల్ల. కొండపల్లి బొమ్మ అందాన్ని కాదనేవారు ఉండరు. కానీ అది పొణికి కొయ్యను చెక్కి రంగులద్దే బొమ్మ, బీరువాలో నిలబడే బొమ్మ. పిల్లవాడి చేతిలో పడి, నేల మీద దొర్లి, పదేళ్లు బతికే బొమ్మ కావాలంటే ఏటికొప్పాకకే రావాలి.

పిఠాపురం పాదగయ గుడి దగ్గర శివరాత్రి తీర్థంలో ఇప్పుడు ఎటు చూసినా ప్లాస్టిక్కే. అది ఒక బాధ. ఏటికొప్పాక పేరు చెప్పి ఏదో కొయ్యకు ఎనామిల్ పెయింట్ కొట్టి అమ్మడం అంతకంటే పెద్ద ద్రోహం. చక్రానికి మేకు దిగ్గొట్టి వదిలేస్తారు. నాలుగు రోజుల్లో చక్రం ఊడుతుంది, రంగు గోటికి పెచ్చులూడుతుంది, కొన్న తల్లి ఏటికొప్పాకనే తిట్టుకుంటుంది. కల్తీ కనిపెట్టడం కష్టం కాదు. స్పిరిట్‌లో తడిపిన దూదితో బొమ్మ అడుగున రుద్దితే లక్క కాస్త కరిగి దూదికి అంటుతుంది, ఆరిపోయిన ఎనామిల్ కదలదు. కొనేవాళ్లు చక్రం తిప్పి చూడాలి, నేల మీద తోసి చూడాలి. ధర ఇరవై రూపాయలు ఎక్కువైనా దొర్లే బండినే కొనాలి.

ప్రభుత్వం చేసిన మేలు కొంత ఉంది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన హస్తకళాకారులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. చేయవలసిన పెద్ద పని అంకుడు కొయ్యది. దగ్గర అడవుల్లో అంకుడు తరిగిపోయింది, నాటిన మొక్క లేత్‌కు పనికొచ్చేంత లావు కావడానికి ఏళ్లు పడుతుంది. వచ్చే తొలకరికే వరాహ గట్ల మీద, పంచాయతీ బంజరుల్లో అటవీశాఖ అంకుడు నాటించాలి. వాటి కొమ్మలు కొట్టుకునే హక్కును బొమ్మలు చేసే కుటుంబాల పేరనే రాసివ్వాలి.