రెండో డిస్కులో రోజా

మణిరత్నం 'రోజా' గురించి చెప్పాల్సింది చాలావరకు చెప్పేశారు. 1992 ఆగస్టు 15న తమిళంలో వచ్చి, డబ్బింగుతో మన సినిమా కూడా అయిపోయిన ఈ చిత్రంలో దేశం ఎవరిదో, అందులో కశ్మీరీ ముస్లిములకు చోటెక్కడో 1994లోనే తేజస్విని నిరంజన 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో నిలదీశారు. ఆ వాదనతో నాకు పేచీ లేదు. అయితే ఆ వ్యాసం చదివినప్పుడల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో ఈ సినిమాని ఇంట్లో కూర్చుని చూసిన మా ఆడవాళ్లు గుర్తొస్తారు. వాళ్లకిది జెండా కథ కాదు. మొగుణ్ణి విడిపించుకోవడానికి గడపగడపా తిరిగిన ఒక ఆడపిల్ల కథ.

ఇంట్లో చూడటం అనేది ఇక్కడ చిన్న విషయం కాదు. తొంభైల్లో ప్రొద్దుటూరులో కలర్ టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చుకుంటే రాత్రికి మూడు సినిమాలు చూసేవాళ్లం. మగతోడు లేనిదే ఆడవాళ్లు హాలుకి వెళ్లకూడదనే ఇళ్లు అవి. గొడవలున్న ఊళ్లల్లోనైతే ఆ మగతోడు కూడా చీకటిపడ్డాక బయటికి కదిలేవాడు కాదు. తర్వాత వీసీడీలొచ్చాయి. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకే అమ్మడం మొదలుపెట్టాక సినిమా కొనుక్కుని దాచుకునే వస్తువైంది. ఒక వీసీడీలో 80 నిమిషాలకు మించి పట్టదు కాబట్టి రెండుంబావు గంటల 'రోజా'కి రెండు డిస్కులు. పెళ్లి, మంచుకొండలు, పాటల్లో ఎక్కువ భాగం మొదటిదాంట్లోనే. రెహమాన్ తొలి సినిమా, రాజశ్రీ తెలుగు మాటలు, మిన్‌మిని గొంతు. పిల్లలు వేసి వేసి ఆ డిస్కు గీతలు పడిపోయింది. రెండోదాన్ని మధ్యాహ్నాలప్పుడు మా పెద్దమ్మ, జేజి పెట్టించుకునేవాళ్లు.

ఆ రెండో డిస్కుని విడిగా చూస్తే సినిమా వేరుగా కనిపిస్తుంది. భాష రాని చోట రోజా పోలీసులకు, సైన్యానికి, మంత్రికి ఒకటే మాట చెప్తుంది: నా భర్త నాకు కావాలి. కల్నల్ రాయప్ప వసీంఖాన్‌ని పట్టుకోవడానికి ఎంతమంది సైనికులు పోయారో లెక్క చెప్తాడు. ఆమె ఆ లెక్కలోకి రాదు. ఈ పల్లెటూరి అమ్మాయికి దేశం గురించి తెలియదని దర్శకుడు మనకి చూపించబోతాడు కానీ, మధుబాల నటనలో నాకు కనిపించేది తెలియకపోవడం కాదు, ఒప్పుకోకపోవడం. చివరికి మంత్రి చేత ఒప్పిస్తుంది కూడా. ఒక మామూలు స్త్రీ ప్రభుత్వాన్ని రాజీకి దింపింది. మన సినిమాల్లో ఇది ఎన్నిసార్లు జరిగింది?

అక్కడే కథ ఆమె చేతిలోంచి జారిపోతుంది. తనకోసం తీవ్రవాదిని వదలడం రిషికి ఇష్టం లేదు. తప్పించుకుని తనంతట తనే వస్తాడు. వసీంఖాన్ మళ్లీ జైలుకి, ఆమె తిరుగుడంతా వృథా. భర్త దక్కాడు కదా అంటారేమో. దక్కాడు, కానీ ఆమె అడిగినందుకు కాదు. జమ్మలమడుగులో మా జేజి ఈ సీను దగ్గర ప్రతిసారీ తిట్టేది: "ఇడిపిస్తామంటే వద్దంటావేంరా నాయనా, ఆ పిల్ల ఏమైపోవాల!" జేజి దేశద్రోహి ఏం కాదు. రాజీ పడితే పరువు పోతుందని మగవాళ్లు పంతంపట్టిన చోట, ఆ పంతానికి తాళిబొట్లు తెగడం చూసినామె. ఫ్యాక్షన్ ఊళ్లల్లో పంచాయితీకి కూర్చునేది మగవాళ్లే. ఇక చాలు అనే మాట ముందుగా వచ్చేది వంటింట్లోంచి. ఆ మాటకి పిరికితనమని పేరు. 'సమరసింహారెడ్డి' (1999) తర్వాత వరసకట్టిన సినిమాలు మా జిల్లాలకి కత్తులూ సుమోలూ తగిలించాయి గానీ, ఆ వంటింటి మాటని ఒక్కటీ పట్టించుకోలేదు. ఎక్కడో కశ్మీరు పేరుతో తీసిన సినిమాలో మా వాళ్లకది వినిపించింది.

నిజ జీవితంలో రాజీలు జరుగుతూనే ఉన్నాయి. 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర ఎస్.ఆర్. శంకరన్‌తో సహా ఐఏఎస్ అధికారుల్ని నక్సలైట్లు పట్టుకెళ్తే, ఎన్టీఆర్ ప్రభుత్వం తన జైల్లో ఉన్నవాళ్లని వదిలి విడిపించుకుంది. 1989 డిసెంబరులో కేంద్ర హోంమంత్రి కూతురు రుబయా సయీద్ కోసం అయిదుగురిని వదిలారు. వదిలినందుకు ఆ ప్రభుత్వాలేమీ వీరత్వం చూపలేదు, మనుషులు మాత్రం బతికారు. మూడేళ్లు తిరక్కుండా వచ్చిన 'రోజా' బందీ స్థానంలో మగవాణ్ణి కూర్చోబెట్టి, అతని చేత ఆ రాజీని కాదనిపించింది.

1993లో మన తెలుగులో శివనాగేశ్వరరావు 'మనీ' వచ్చింది. అక్కడ బందీ భార్య. జయసుధని ఎత్తుకెళ్తే మొగుడు పరేష్ రావల్ డబ్బివ్వడు, పీడా పోయిందనుకుంటాడు. హాయిగా నవ్వుకున్నాం, నేనూ నవ్వాను, ఇప్పటికీ ఖాన్‌దాదా కనిపిస్తే నవ్వొస్తుంది. భర్త బందీ అయితే దేశసమస్య, భార్య బందీ అయితే కామెడీ! రెండు క్యాసెట్లూ ఒకే వీడియో షాపు అరలో పక్కపక్కన ఉండేవి.

'రోజా'లో ఇంకో ఆడమనిషి ఉంది. లియాకత్ చెల్లెలు. దాదాపు మాటల్లేవు. రిషికి అన్నం పెడుతుంది, చివరికి పారిపోయే దారి చూపుతుంది. విమర్శకులు ఆమెని మూగ కశ్మీరుకి గుర్తుగా తీసుకోవచ్చు, తప్పులేదు. కథ మాత్రం రిషి వెంట పరుగెత్తుకుంటూ పోతుంది. పులివెందుల్లో మా పెద్దమ్మ రిమోటు నా చేతికిచ్చి వెనక్కి తిప్పమనేది ఇక్కడే. "ఆ పిల్ల వాకిలి తీసె గదమ్మా, దాన్నేం జేసినారో చూపీలేదే?" ఎన్నిసార్లు తిప్పినా ఆ డిస్కులో అది లేదు.