తుంగ సిలువ, అట్ట డబ్బా, ఓ అరగంట

జనవరి నెలాఖరులో ఐర్లాండ్ ప్రాథమిక బడులకు వెళ్తే చాలా తరగతి గదుల్లో నేలంతా పచ్చి తుంగ ముక్కలే. ఫిబ్రవరి 1 పునీత బ్రిజిడ్ పండుగ. దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందట కిల్డేర్‌లో మఠం స్థాపించిన సన్యాసిని ఆమె. పాట్రిక్, కొలంబాలతో పాటు ఆ దేశానికి పాలక పునీతురాలు. పండుగ ముందురోజు సాయంత్రం తుంగతో సిలువ అల్లి గుమ్మం మీద కట్టుకుంటే ఇంటికి నిప్పు భయం ఉండదని పాతకాలపు నమ్మకం. ఇళ్లలో ఆ సిలువ అల్లే చేతులు తగ్గిపోయాయి. ఇవాళ ఆ విద్యను ఎక్కువగా నిలబెడుతున్నది పలకా బలపం వయసు పిల్లలే.

అల్లిక చూడ్డానికి తేలిక. ఒక కాడను నిలువుగా పట్టుకోవాలి. రెండో కాడను సగానికి మడిచి, మొదటిదాని నడుముకు తొడిగి, రెండు కొసలూ కుడివైపుకు లాగాలి. అప్పుడు మొత్తాన్ని ఎడమకు పావువంతు తిప్పితే కుడివైపున్న కొసలు పైకి వస్తాయి. మూడో కాడను మడిచి, ఆ పైకి వచ్చినవాటికి తొడిగి, మళ్లీ కుడికి లాగాలి. మడవడం, తొడగడం, లాగడం, తిప్పడం. కాడలు పెరిగేకొద్దీ నడిమధ్యన చదరం దానంతటదే పెరుగుతుంది. చివర నాలుగు చేతులకూ దారం కట్టి, కొసలు కత్తిరిస్తే సరి. కిటుకంతా బొటనవేలిలో ఉంది. నడిమి చదరాన్ని ఒక్క క్షణం వదిలినా అల్లినదంతా ఊడి ఒళ్లో పడుతుంది. తుంగ ఎండితే విరుగుతుంది కాబట్టి పచ్చిదే కావాలి. దాన్ని కోయకూడదు, పీకాలి అంటారు పెద్దలు. తుంగ దొరకని పట్నం బడుల్లో కాగితపు గొట్టాలతోనో, నూగు చుట్టిన తీగలతోనో కానిచ్చేస్తారు. నా మటుకు నాకు అది రుచించదు. వేళ్లకు తడి తగలని సిలువలో సగం పాఠం పోయినట్టే.

చేతులు ఆ పనిలో ఉండగా టీచర్ కథ చెబుతుంది. క్రీస్తును ఎరుగని ఒక నాయకుడు చావుబతుకుల మధ్య ఉన్నాడు. బ్రిజిడ్ అతని పక్కన కూర్చుంది. ఆ రోజుల్లో ఇంటి నేలమీద తుంగ పరిచేవారు. ఆమె నాలుగు కాడలు తీసి ఊరికే అల్లడం మొదలుపెట్టింది. అదేమిటని అతను అడిగాడు. అడిగాక చెప్పింది. ఈ కథకు చరిత్ర ఆధారం ఏమీ లేదు, ఐతిహ్యమే. కానీ ప్రాథమిక బడిలో మతం చెప్పే పద్ధతంతా ఇందులోనే ఉంది: ముందు చేతికి పని, తర్వాత పిల్లవాడి నోట ప్రశ్న, ఆ తర్వాతే జవాబు. పిల్లలతో జరిపే దివ్యబలిపూజల కోసం 1973లో రోము నుంచి వెలువడిన మార్గదర్శకాలు కూడా మాటలకంటే కదలికలకు, పాటకు, కంటికి కనిపించే వస్తువులకు, కాసేపటి మౌనానికి చోటివ్వమన్నాయి.

తరగతి గదిలో ఒక మూల చిన్న బల్ల ఉంటుంది. దానిమీద బైబిలు, సిలువ, కొవ్వొత్తి. వాటి కింద పరిచిన గుడ్డే అసలు క్యాలెండరు. ఆగమన కాలంలో, తపస్సు కాలంలో ఊదా రంగు. క్రిస్మస్‌కూ పాస్కా పండుగకూ తెలుపు. పవిత్రాత్మ పండుగకు ఎరుపు. సామాన్య కాలమంతా ఆకుపచ్చ. మన ఫిరంగిపురం గుడిలో ఫాదర్ వేసుకునే పూజా వస్త్రాలకూ ఇవే రంగులు. గుడ్డ మార్చే వంతు పిల్లలదే. నవంబరు వచ్చిందంటే చనిపోయిన తాతమ్మల, తాతయ్యల పేర్లు రాసి ఆ బల్లమీద పెడతారు. కొన్ని బడుల్లో పెంపుడు కుక్క పేరు కూడా ఆ జాబితాలోకి ఎక్కుతుంది, ఎవరూ కాదనరు. మే నెలలో బల్ల మరియమాతది. ఇంటి పెరట్లో పూసినవేవో తెచ్చి సీసాల్లో పెడతారు. జనవరిలో కథోలిక పాఠశాలల వారం జరుపుతారు. అందులో బుధవారం అవ్వాతాతల రోజు, వాళ్లను బడికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు.

తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం దగ్గర్లో ప్రతి పిల్లవాడూ ఒక అట్ట డబ్బా ఇంటికి పట్టుకెళ్తాడు. ఐర్లాండ్ పీఠాధిపతులు 1973లో స్థాపించిన ట్రోకరా అనే సహాయ సంస్థ పంచే డబ్బా అది. మడతలు విప్పి నిలబెడితే హుండీ. మిఠాయి మానుకున్న చిల్లర అందులో పడాలి. డబ్బా మీద ఏటా ఏదో ఒక దూరదేశపు కుటుంబం బొమ్మ ఉంటుంది. నలభై రోజులూ అది భోజనాల బల్లమీదే. ఉపవాసమూ దానమూ ఒకే తాటికి కట్టిన ఇంత చవకైన సాధనం ఇంకొకటి నాకు కనిపించలేదు.

అన్నిటికంటే పెద్ద పండుగ రెండో తరగతిలో వస్తుంది. అదే మొదటి దివ్యసత్ప్రసాదం. ఒకప్పుడు దీనికి పది, పన్నెండు, కొన్నిచోట్ల పద్నాలుగేళ్లు నిండాల్సి వచ్చేది. 1910లో పదో భక్తినాథ పాపుగారు మంచిచెడ్డల తేడా తెలిసే ఏడేళ్ల వయసు చాలని తేల్చారు. దాంతో ఈ పండుగ ప్రాథమిక బడి ఒళ్లోకి వచ్చిపడింది. ఐర్లాండ్‌లో ఏడాది పొడవునా తయారీ. ముందు పాపసంకీర్తనం, తర్వాత ప్రార్థనలు ఇంగ్లిషులోనూ ఐరిష్‌లోనూ నోటికి రావడం, వరస తప్పకుండా నడవడం, ఎడమ అరచేయి పైకి, కుడిది దాని కిందికి పెట్టి చేతులు చాపడం. ఆశీర్వదించని అప్పంతో రిహార్సల్ కూడా చేయిస్తారు, నాలుక మీద రుచి కొత్తగా తగిలి పిల్లవాడు మొహం ముడవకుండా. ఆ రోజు తెల్ల గౌన్లు, ముసుగులు, కొత్త కోట్లు, చుట్టాలు జేబులో పెట్టే నోట్లు, పెరట్లో గాలి నింపిన గంతుల కోట. మన ఓణీల ఫంక్షన్లు చూసినవాళ్లకు ఆ ఆర్భాటం కొత్త కాదు. ఖర్చు చూసి అక్కడి ఫాదర్లే విసుక్కుంటారు. ఈ తయారీ భారం బడి మీంచి దించి గుడి విచారణకూ తల్లిదండ్రులకూ అప్పగించాలన్న మాట కొన్నాళ్లుగా గట్టిగానే వినిపిస్తోంది. అది సబబే. ఆదివారం గుడి మొహం చూడని ఇంటి బిడ్డను టీచర్ ఒక్కతే ఎంతని తయారు చేస్తుంది?

ఇంతవరకూ చెప్పిందంతా కథోలిక మతంలో పుట్టిన పిల్లల సంగతి. ఐర్లాండ్ ప్రాథమిక బడుల్లో పదింటికి దాదాపు తొమ్మిది కథోలిక యాజమాన్యంలోవే. జీతాలిచ్చేది మాత్రం ప్రభుత్వం. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఎక్కువగా చేరేది వీటిలోనే. 2018 చట్టం వచ్చాక కథోలిక ప్రాథమిక బడి జ్ఞానస్నానం పత్రం చూపిస్తేనే సీటు అనడానికి వీల్లేదు. లోపలికి వెళ్లాక మాత్రం చిక్కు తీరలేదు. మత బోధన అదే గదిలో, అదే టీచర్, మామూలు పీరియడ్ల మధ్యలో ఓ అరగంట. వద్దని రాసిచ్చిన పిల్లవాడిని చూసుకోవడానికి వేరే మనిషి ఉండదు. చాలాసార్లు వెనక బెంచీలో కూర్చుని బొమ్మలకు రంగులేసుకుంటూ అంతా వింటూనే ఉంటాడు. రెండో తరగతిలో ఆ వేరుపాటు మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది, ఎందుకంటే నెలల తరబడి తరగతి మాటలన్నీ ఆ ఒక్క రోజు చుట్టూనే తిరుగుతాయి.

ఈ ఒక్క విషయంలో మన మిషనరీ బడుల అలవాటే మెరుగని నా అభిప్రాయం. కథోలిక పిల్లలు సత్యోపదేశానికి ఒక గదికి, మిగతావాళ్లు నీతిబోధకు ఇంకో గదికి వెళ్లడం మనలో చాలామంది చూసిందే. విభూతి, సిలువ, చవితి పత్రి ఒకే బెంచీలో సర్దుకున్నాయి. పైగా మన రాజ్యాంగం 28వ అధికరణమూ ఐర్లాండ్ రాజ్యాంగం 44వ అధికరణమూ చెప్పేది దాదాపు ఒకటే: ప్రభుత్వ డబ్బు తీసుకునే బడిలో పిల్లవాడిని మతబోధకు బలవంతంగా కూర్చోబెట్టకూడదు.

కాబట్టి అక్కడున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. సిలువ అల్లిక, అట్ట డబ్బా, అవ్వాతాతల రోజు బిడ్డకు దక్కనివ్వండి, వాటితో వచ్చే నష్టమేమీ లేదు. సంస్కారాల తయారీ వద్దనుకుంటే మొహమాటపడకుండా ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి. మతబోధ వద్దన్న పిల్లలకు ఏం ఏర్పాటు చేస్తారో, దానివల్ల బడి సమయం తగ్గకుండా ఎలా చూస్తారో ప్రతి బడీ తన ప్రవేశ విధానంలో రాసి ఉంచాలని 2018 చట్టమే చెబుతోంది. ఆ కాగితం అడిగి చదివాకే దరఖాస్తు నింపండి.