ఒరుగుట వేరు, బోల్తాపడుట వేరు

ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున, కాజీపేట–విజయవాడ రైలుమార్గము మీద ఎర్రుపాలెం ఉన్నది. మిరపకాయలు కోసి కల్లాలలో ఎండబెట్టిన తరువాత, ఈ ప్రాంతపు పల్లెలనుండి మిర్చి టిక్కీలు పికప్ వాహనములలో మధిర మీదుగా ఖమ్మం మార్కెట్టుకు పోవుచుండును. ఎండుమిర్చి తేలిక సరకు. తొట్టి అంచువరకు నింపినను వాహనము మోయదగినంత బరువు కాదు. అందుచేత అంచులు దాటి, డ్రైవరు తలపై కప్పు కంటె ఎత్తుగా టిక్కీలు పేర్చి మోకులతో బిగింతురు. అట్టి వాహనము మలుపు తిరుగునపుడు బయటివైపునకు ఒరుగును. చూచువారి గుండె జల్లుమనును.

ఈ ఒరుగుటను తగ్గించు ఉపాయమేదని మెకానిక్కు నడిగినచో సాధారణముగా వచ్చు సమాధానము ఒకటే: వెనుక కమాన్ కట్టకు మరి రెండు పట్టీలు వేయించవలెను. ఇదే ప్రశ్న ఉన్నత పాఠశాలలో అడిగినచో భౌతికశాస్త్ర పాఠములలో తరచు కానవచ్చు బొమ్మ సమాధానము చెప్పును: ఒక ప్రక్కకు వంగిన బస్సు, దాని గరిమనాభినుండి దిగిన నిలువుగీత, ఆ గీత చక్రముల నడుమ పడినంతవరకు బస్సు పడదు. ఈ రెండు సమాధానములలోను సత్యము కొంత కలదు. కాని రెండును అసంపూర్ణములే.

మొదట పాఠమును తీసికొందము. ఆ బొమ్మ కల్పితము కాదు. లండను నగరపు రెండంతస్తుల బస్సులను పై అంతస్తులో ఇసుకమూటలు ఉంచి, 28 డిగ్రీల వరకు ప్రక్కకు వంచి పరీక్షించిరి. అయితే ఆ పరీక్షలో బస్సు కదలదు. వంగునది దాని క్రింది బల్ల. మధిర దారిలో రోడ్డు అంతగా వంగి ఉండదు. అచట వాహనమును పడద్రోయునది వేగము. ఈ రెంటికిని గల సంబంధమును పాఠము చెప్పక వదలినచో, మలుపులో బోల్తా ఎందులకు పడునో విద్యార్థికి తెలియదు.

ఆ సంబంధము కఠినమైనది కాదు. మలుపులో వాహనమునకు కలుగు ప్రక్కత్రోపును కొలుచుటకు వేగపు వర్గమును మలుపు వ్యాసార్ధముచే భాగింపవలెను. ఆ ఫలితము గురుత్వ త్వరణములో ఎన్నవ వంతో చూడవలెను. ఇక వాహనమునకు కూడ ఒక సంఖ్య కలదు: ఎడమ, కుడి చక్రముల మధ్య దూరములో సగమును గరిమనాభి ఎత్తుచే భాగించగా వచ్చునది. ప్రక్కత్రోపు ఈ సంఖ్యను చేరగానే లోపలి చక్రములు నేలను విడచును. లండను బస్సు పరీక్షలోని 28 డిగ్రీల కోణపు టాంజెంటు 0.53; అదియు ఈ జాతి సంఖ్యయే. అమెరికా ప్రభుత్వము 2001 నుండి వాహనములు బోల్తాపడు అవకాశమును అంచనా కట్టుటకు ఈ నిష్పత్తినే ఆధారము చేసికొన్నది.

లెక్క కొరకు ఒక పికప్పును ఊహింపవచ్చును. చక్రముల మధ్య దూరము 1.4 మీటర్లు, ఖాళీ బరువు 1700 కిలోలు, ఖాళీగా ఉన్నపుడు గరిమనాభి ఎత్తు 0.65 మీటరు అనుకొందము. అపుడు దాని సంఖ్య 1.08. పొడి తారురోడ్డుపై టైర్ల పట్టు సుమారు 0.7 మాత్రమే. కనుక ఖాళీ బండి అతివేగముతో మలుపు తిరిగినచో ముందుగా జారును; బోల్తాపడదు. ఇపుడు దానిలో 40 కిలోల టిక్కీలు 30 ఎత్తుగా పేర్చిన, మొత్తము గరిమనాభి 1.1 మీటర్లకు చేరును. సంఖ్య 0.64కు దిగును. ఇది టైర్ల పట్టు కంటె తక్కువ. అనగా ఈ బండి జారుటకు ముందే తిరగబడును. 30 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో దాని హద్దు గంటకు 49 కిలోమీటర్లు.

ఈ లెక్కలో ఒరుగుట లేదు. దానిని కూడ చేర్చవలెను. బండి 6 డిగ్రీలు ఒరిగినచో గరిమనాభి సుమారు 6 సెంటీమీటర్లు బయటికి జరుగును. హద్దు 47 కిలోమీటర్లకు తగ్గును. కొత్త పట్టీలు వేయించి ఒరుగుటను సగమునకు తగ్గించినచో అది 48 అగును. ఒరుగుటయే లేకుండ చేసినను 49 దాటదు. మరి పట్టీల జోలికి పోక, 30 టిక్కీలలో 10 దింపినచో? గరిమనాభి 0.9 మీటరుకు దిగును. బండి మునుపటివలెనే 6 డిగ్రీలు ఒరిగినను హద్దు సుమారు 53 కిలోమీటర్లు. పట్టీల వలన లాభము ఒక్క కిలోమీటరు. ఎత్తు తగ్గించుట వలన ఆరు.

పట్టీల వైద్యముపై అసలు ఆక్షేపణ ఇంకను ఉన్నది. మలుపులో బరువు లోపలి చక్రములనుండి బయటి చక్రములకు మారును. మొత్తముమీద ఎంత మారునో నిర్ణయించునవి ముఖ్యముగా ఎత్తు, వెడల్పు, వేగము. స్ప్రింగులు నిర్ణయించునది, ఆ మార్పును ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఏ పాళ్ళలో పంచుకొనవలెనో మాత్రమే. గట్టిగా ఉన్న ఇరుసు ఎక్కువ పాలు తీసికొనును. టైరుపై బరువు రెట్టింపైన దాని పట్టు రెట్టింపు కాదు. కనుక వెనుక మాత్రమే పట్టీలు చేర్చినచో వెనుక టైర్ల పట్టు ముందుగా సడలి, బండి తోక బయటికి కొట్టుకొనిపోవచ్చును. ఖాళీగా తిరిగివచ్చునపుడు గుంతలలో వెనుక చక్రములు ఎగిరిపడుటయు దీని ఫలితమే.

అంతమాత్రమున ఒరుగుటను తగ్గించుట వ్యర్థమని తలచరాదు. తక్కువగా ఒరుగు బండి స్టీరింగు త్రిప్పినంతనే మాట వినును, సరకు కదలదు. రెండు ప్రక్కల చక్రములను కలుపుచు, ఒరుగునపుడు మాత్రమే మెలిపడి ఎదిరించు ఉక్కు కడ్డీకి 1919లోనే కెనడా దేశీయుడైన స్టీఫెన్ కోల్‌మన్ పేటెంటు పొందెను. కంపెనీ ఆ బండికే రూపొందించిన కడ్డీ, ముందు వెనుకల పాళ్ళు చెడకుండ అమర్చినచో మేలు చేయును. షాక్ అబ్జార్బర్లు మాత్రము ఒరుగు వేగమును తగ్గించునే కాని, పొడవైన మలుపులో ఒరుగు కోణమును తగ్గింపవు. ఒరుగుటలో ఇంకొక గుణమును కలదు: అది డ్రైవరునకు హెచ్చరిక. ఎత్తు తగ్గింపక ఒరుగుటను మాత్రమే తగ్గించుట, జ్వరము తగ్గింపక థర్మామీటరును దాచుట వంటిది.

పదవ తరగతి విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ఒక చెక్క బండి చక్రములకును తొట్టికిని నడుమ మెత్తని స్పాంజి ముక్కలు ఉంచి, తొట్టిలో ఇసుక నింపిన అగ్గిపెట్టెలను ఎత్తుగా పేర్చి దారముతో కట్టవలెను. బల్లపై అడ్డముగా నిలిపి, చక్రములు జారకుండ చిన్న పుల్ల ఆనించి, బల్లను మెల్లగా ఎత్తి, బండి పడిన కోణమును కొలువవలెను. తరువాత స్పాంజికి బదులు గట్టి రబ్బరు ఉంచి కొలువవలెను. చివరకు స్పాంజి మరల ఉంచి, పై వరుస పెట్టెలను తీసివేసి కొలువవలెను. మూడు కోణములను నల్లబల్లపై వ్రాసినచో ఈ వ్యాసములోని వాదము తేలిపోవును.

పది టిక్కీలు దింపుట కాగితముపై సులభము. రైతునకు కాదు. 60 టిక్కీలకు రెండు కిరాయిలు సరిపోవుచోట మూడు కట్టవలెను. అందుచేతనే పట్టీల సలహా రుచించును. కాని ఖర్చు లేని మార్గము ఒకటి కలదు. ప్రక్కత్రోపు వేగపు వర్గముతో పెరుగును. మలుపులో 49 కిలోమీటర్ల వేగమును 40కి తగ్గించినచో ప్రక్కత్రోపు మూడింట ఒకవంతు తగ్గును. ఆలస్యమగునది కొన్ని సెకండ్లు.

మిరపకోతల కాలములో ఇవే బండ్ల తొట్టెలలో కూలీలను నిలబెట్టి తీసికొనిపోవుటయు కలదు. నిలుచున్న మనిషి గరిమనాభి నడుము దాపున ఉండును. తొట్టి అడుగు ఎత్తును కలిపినచో అది రోడ్డునుండి సుమారు మీటరున్నర పైమాట. ఇరువదిమంది నిలుచున్నచో ఒక టన్ను బరువు ఆ ఎత్తున ఊగుచుండును. టిక్కీలను మోకులతో కట్టవచ్చును, మనుషులను కట్టలేరు. కాటా బరువును చూపును గాని బరువు ఎంత ఎత్తున ఉన్నదో చూపదు. ఆ ఎత్తును లెక్కగట్టుట పాఠశాల నేర్పవలసిన విద్య. నిలువుగీత బొమ్మ ప్రక్కన వేగపు లెక్కను కూడ వ్రాసినపుడే ఆ పాఠము ఎర్రుపాలెం రోడ్డు వరకు వచ్చును.